ముందరి కాలి మీద బరువు

ఫిబ్రవరి 11, ఆదివారం

సంచి జిప్పు తీయడానికే ఇరవై నిమిషాలు పట్టింది. ఉప్పు పట్టి బిగుసుకుపోయింది. కొవ్వొత్తి రుద్దాను. ల్యాబులో కట్టుడు పళ్లకి తీగ వంచే పటకారుతో లాగాను. చివరికి అక్క సోఫాలో పడుకునే, "అటు కాదే మొద్దూ, ముందు వెనక్కి జరుపు, అప్పుడు లాగు" అంది. వచ్చేసింది. నాకంటే మూడేళ్లే పెద్ద. కానీ స్కూల్లో డ్రిల్లు టీచరు కదా, పడుకుని చెప్పినా ఈల ఊదినట్టే ఉంటుంది.

బోర్డు అక్కది. పోయినేడు మేలో సెకండ్‌హ్యాండులో కొని, ఒకే ఒక్కసారి నీళ్లలోకి దించింది. తర్వాత ఆగస్టు వచ్చింది.

పెద్ద గాలిపటాన్ని నడుముకి కట్టుకుని, కాళ్ల కింద పలక పెట్టుకుని సముద్రం మీద చావబోవడం. అమ్మ మాటల్లో మా ఆట ఇదే. తొమ్మిదేళ్లుగా ఇద్దరం అదే పనిలో ఉన్నాం. అయితే మా పలకలు మామూలువి. రెండు కొసలూ ఒకటే, కాళ్లకి పట్టీలు, నీటిని కోసుకుంటూ పోతాయి. ఇది వేరే జాతి. అడుగున నా నడుమెత్తు కడ్డీ, కడ్డీ చివర బొమ్మ విమానం రెక్కల్లాంటి రెక్కలు. రెక్కలు నీళ్లలో ఈదుతుంటే బోర్డు గాల్లో ఉంటుంది. దీన్ని ఫాయిల్ అంటారు. పట్టీలు లేవు. ఎనిమిది నాట్ల గాలికే లేస్తుందట. మా దగ్గర మే చివరి వరకూ పదికి మించి గాలి రాదు, ఎప్పుడో దారి తప్పి వస్తే తప్ప.

అమ్మ వచ్చి చూసి, "నాగలి కూడా తెచ్చారా? ఇక నాట్లు వేయడమే తరువాయి" అంది. గాలి వేగాన్ని మేం నాట్లలో చెప్పుకున్నప్పుడల్లా ఆవిడకి నవ్వే.

అక్క నవ్వలేదు. రెక్కని చూపుడువేలితో నిమిరింది. "నువ్వెక్కి ఎలా ఉందో చెప్పు. బూజు పట్టించడం కంటే నయం" అంది. ఎడమ కాలు దిండు మీద ఉంది. అందులో మోకాలి నుంచి చీలమండ దాకా లోహపు కడ్డీ ఉంది.

గాలి లేదు కనక ఈ బోర్డు తీశాను. ఇంకో కారణమేమీ లేదు.

ఫిబ్రవరి 12, సోమవారం

ధ్యాసంతా బోర్డు మీదే. ఒక పెద్దాయన పై వరసలో పద్నాలుగు పళ్లు పెట్టాల్సిన చోట పదిహేను పెట్టాను. ఓనరు లెక్కపెట్టి, "ఈయనకి బోనసా?" అన్నాడు.

ఫిబ్రవరి 17, శనివారం

పడ్డాను. మళ్లీ పడ్డాను. ఒళ్లంతా హూనం. ఇంత సంతోషంగా ఉండి ఎన్నాళ్లయిందో!

షెడ్డు దగ్గర కెప్టెన్ మాకోసం అన్నీ సిద్ధంగా ఉంచాడు. కెప్టెన్ ఏ ఓడకీ కెప్టెన్ కాదు. ఒక రేకుల షెడ్డు, ఒక రబ్బరు పడవ, దానికి మనసైతేనే స్టార్టయ్యే ఇంజను, ఇవీ ఆయన నౌకాదళం. మాకిద్దరికీ ఈ ఆట నేర్పింది ఆయనే. అక్కకి మడత కుర్చీ వేసి, చేతికి మైకు ఇచ్చాడు. నా హెల్మెట్లో చిన్న స్పీకరు. అక్క చెప్పేది నాకు వినపడుతుంది, నేను చెప్పేది అక్కకి వినపడదు. చిన్నప్పటి నుంచీ ఉన్నదే, ఇప్పుడు బ్యాటరీతో.

పాత బోర్డు మీద ఏం చేస్తాం? కైటు లాగుతుంటే వెనక్కి వాలి, మడమలు నీళ్లలోకి గుచ్చి నిలబడతాం. ఒళ్లు దానంతటదే చేస్తుంది, అడగక్కర్లేదు. ఈ బోర్డు మీద అలా వాలగానే బోర్డు ముక్కు ఆకాశంలోకి లేచి, గుర్రం ముందుకాళ్లెత్తినట్టు ఎత్తి, నన్ను వెనక పడేసి, తను ఇంకోవైపు పడుతుంది.

"వెనక్కి వాలకు!" చెవిలో అక్క.

పడ్డాను.

"ముందరి కాలి మీద బరువు! ముందరి కాలే!"

పడ్డాను.

"నీకు ముందరి కాలేదో తెలుసా అసలు?"

నీళ్లలోంచి చెయ్యెత్తి చూపించాను. ఏం చూపించానో ఒడ్డున అందరికీ అర్థమైంది. కెప్టెన్ కడుపు పట్టుకుని నవ్వాడు. చెవిలో అక్క కూడా నవ్వింది. నవ్వుతూ మైకు ఆపడం మరిచిపోయింది. ఆ నవ్వు విని ఆర్నెల్లు దాటింది.

ఫిబ్రవరి 18, ఆదివారం

కుడి తొడ, ఎడమ మోచెయ్యి, గడ్డం. వచ్చే శనివారం ఎప్పుడొస్తుంది?

ఫిబ్రవరి 24, శనివారం

ఇవాళ బోర్డు మీద పడుకోకుండా, కూలబడకుండా, నీటి మీదే యాభై అడుగులు పోయాను. లేవలేదు, బోర్డు బల్లపరుపుగా నీటికి అతుక్కునే ఉంది. అయినా పోయాను! ముందు అలాగే పోవాలట. ముందరి కాలితో అణిచి పట్టి, వేగం వచ్చాక, ఆ అణచడం ఒక్క వెంట్రుకవాసి తగ్గించాలట. కాలు ఎత్తడం కాదు, తగ్గించడం. అక్క ఒక్కరోజు ఎక్కిందానికి ఇంత తెలుసుకుందా అని ఆశ్చర్యమేసింది. మంచం మీద ఆర్నెల్లుగా వీడియోలు చూస్తోందని అమ్మ చెప్పింది. ఈ బోర్డువే, అన్నీ ఇవే.

మధ్యలో ఒక చిన్న గొడవ. మా ఇద్దరికీ కలిపి మూడు కైట్లు. గట్టి గాలికి ఏడు మీటర్లది, మధ్యరకానికి పది, గాలి లేనప్పుడు పద్నాలుగు. నేను పద్నాలుగు తీశాను.

"అది దున్నపోతులా తిరుగుతుందే. ఈ బోర్డుకి అంత కైటు అక్కర్లేదు. పది తియ్యి" అంది అక్క.

"దానికి అతుకు వేశారుగా. నాకు నమ్మకం లేదు."

"అతుకు వేసింది నేను."

నేను పద్నాలుగే గాలి కొట్టుకున్నాను.

ఆగస్టులో ఆ రోజు పది తనే తీసుకుంది. నేను ఏడు తీసుకున్నాను, తను పది తీసుకుంది. ఎవరిది వాళ్లు తీసుకున్నాం. ముప్పై నాట్ల గాలి ఒక్కసారిగా వచ్చి తనని మూడు నిలువుల ఎత్తు లేపి ఇసుక మీద పడేసింది. గాలికి ఎవరేం చెయ్యగలరు?

ఫిబ్రవరి 25, ఆదివారం

అనుకోకుండా పద్దెనిమిది నాట్లు. జలుబుగా ఉంది. వెళ్లలేదు.

ఫిబ్రవరి 26, సోమవారం

జలుబు తగ్గింది. గాలి కూడా.

మార్చి 2, శనివారం

ఎగిరాను!!

మెల్లగా రాయాలి.

తొమ్మిది నాట్లు. నీళ్లు తేటగా, గాజులా. కైటుని కిందికి దింపాను, లాగింది, బోర్డు మీద నిలబడ్డాను. అడుగున పట్ పట్ పట్‌మని చిన్న అలలు కొట్టుకుంటున్నాయి. ముందరి కాలు, ముందరి కాలు, ముందరి కాలు. అక్క ఏమీ అనలేదు. అదే విచిత్రం. చెవిలో ఊపిరి మాత్రం వినిపిస్తోంది. అప్పుడు అంది, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో, "ఇప్పుడు. కొంచెం."

తగ్గించాను. బొటనవేలి బరువంత.

చప్పుడు ఆగిపోయింది.

అది నాకెవరూ చెప్పలేదు. తొమ్మిదేళ్లుగా నీటి మీద పోవడమంటే చప్పుడే. కోత, కుదుపు, తుంపర. ఒక్కసారిగా ఏమీ లేదు. బోర్డు కింద ఖాళీ. కిందికి చూశాను. చూడకూడదు, అయినా చూశాను. నీళ్లు రెండడుగుల కింద ఉన్నాయి, నా నీడ వాటి మీద నాతోపాటే పరిగెడుతోంది. మోకాళ్లలో సన్నగా ఒక జుమ్మనే ధ్వని, వినపడేది కాదు, తగిలేది. ఎంతసేపు? నాలుగు సెకన్లు? నాకు నలభైలా ఉంది. అక్క అరుపు చెవిలో పేలింది, "లేచావే! లేచావే!" నేను ఒడ్డుకేసి చూశాను, అంతే, పడ్డాను.

పైకొచ్చేసరికి అక్క కర్ర లేకుండా నిలబడి ఉంది. రెండు చేతులూ పైకెత్తి.

మార్చి 3, ఆదివారం

గాలి సున్నా. హాల్లో అప్పడాల కర్ర మీద పీట పెట్టి, పీట మీద నిలబడి సాధన. అమ్మ, "నడుం విరగ్గొట్టుకుంటే ఇంకో దిండు లేదు ఇంట్లో" అంది. అక్క వెంటనే "నాది ఇస్తాలే" అంది. ముగ్గురం నవ్వాం.

మార్చి 9, శనివారం

గాలి అసలు లేదు. జెండా తడి తువ్వాలులా వేలాడుతోంది. షెడ్డులో కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం. అక్క షెడ్డు వెనక కుళాయి దగ్గర బోర్డు రెక్కలు కడుగుతోంది.

కెప్టెన్ ఉన్నట్టుండి అడిగాడు, "ఇంతకీ ఆ రోజు మీ అక్క అంత గాలిలో పది ఎందుకు కట్టిందంటావు? తను ఎప్పుడూ అలాంటి తప్పు చెయ్యదే."

"తన మొండితనం మీకు తెలియందా" అన్నాను.

కుళాయి చప్పుడు ఆగింది. నేను ఆ మాట అనకముందా, అన్నాకా, గుర్తు లేదు.

వినలేదు. గాలి చప్పుడులో ఏం వినపడుతుంది?

మార్చి 10, ఆదివారం

ఆరున్నర నాట్లు. అక్క రాలేదు. కాలు నొప్పిగా ఉందట.

మార్చి 16, శనివారం

ఈసారి మూడొందల గజాలు! ఒడ్డున పడవ దగ్గర్నుంచి రాళ్ల దాకా, ఒక్క బిగిన. పైకి లేవడం, మరీ లేవకుండా అణచడం, మళ్లీ వదలడం. ల్యాబులో మైనం చెక్కేటప్పుడు చెయ్యి ఎలా ఆగుతుందో, పాదం అలా ఆగింది. కెప్టెన్ టోపీ గాల్లోకి విసిరాడు.

మైకు ఆయన దగ్గరే ఉంది. ఆయన చెప్పేవి రెండే మాటలు, "భేష్", "అయ్యో".

అక్క రాలేదు. వచ్చేవారం ఎక్స్‌రే ఉంది కదా, విశ్రాంతి కావాలంది.

ఇంటికొచ్చి అంతా చెప్పాను, చేతులు తిప్పుతూ, సోఫా చుట్టూ పరిగెడుతూ. "బాగుంది" అంది. పుస్తకంలో పేజీ తిప్పింది.

మార్చి 20, బుధవారం

ఆస్పత్రి. ఎముక అతుక్కుంది, కడ్డీ ఉంటుంది. డాక్టరమ్మ మంచి మనిషి, సూటిగా చెప్పింది. గెంతడాలు లేవు. ఎత్తు నుంచి దిగడాలు లేవు. గట్టి గాలి జోలికి వెళ్లొద్దు. "ఎన్నాళ్లు?" అని అక్క అడిగింది. డాక్టరమ్మ పెన్ను మూత పెట్టి, "ఎన్నాళ్లని కాదమ్మా" అంది.

బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. మా స్టాపు దాటిపోయినా ఇద్దరం చూసుకోలేదు.

మార్చి 23, శనివారం

ఇవాళ పది తీశాను. ఎవరూ అడగలేదు. షెడ్డులో పై అరలో ఉంది, నేనే దింపాను.

అతుకు ఎంత సన్నగా వేసిందంటే, వేలితో తడిమితే తప్ప తెలియదు. మంచం మీద కూర్చుని వేసింది, అక్టోబరులో.

తను చెప్పింది నిజమే. చిటికెలో తిరుగుతుంది. పద్నాలుగుతో నెల రోజులు ఊరికే కుస్తీ పట్టాను. ఇవాళ గాలిలో వంపు తిరిగాను, సగం వంపే, మిగతా సగం నీళ్లలో. అయినా వంపే! ఒళ్లంతా ఈల వేస్తున్నట్టుంది.

ఆ రోజు అక్క నన్ను అడిగింది. "ఏది కట్టను?" అంది. నేను "నీ ఇష్టం" అన్నాను.

మార్చి 24, ఆదివారం

"నీ ఇష్టం" అనలేదు.

"గాలి తగ్గిపోతుంది, నీకు పది చాలు" అన్నాను. తగ్గుతుందని నేను ఎక్కడా చూడలేదు. అప్పటికే ఏడుకి సగం గాలి కొట్టేశాను. అది నాకు కావాలి. అంతే, వేరే ఏమీ లేదు. ఏడు నాకు కావాలి.

పద్దెనిమిది నాట్ల రోజు నాకు జలుబు లేదు.

ఏప్రిల్ 6, శనివారం

ఎక్కడ మొదలుపెట్టాలి? వేళ్లు ఇంకా ముడతలు పడే ఉన్నాయి.

అమ్మ బలవంతం మీద అక్క ఇవాళ వచ్చింది. "ఇంట్లో గోడలకి డ్రిల్లు చెప్తావా, పో" అందట. వచ్చి, కుర్చీ షెడ్డుకి అటువైపు వేసుకుంది. మైకు ముట్టుకోలేదు. సరే, చూపిస్తాను అనుకున్నాను. ఎంత బాగా ఎగురుతున్నానో చూస్తే మాట్లాడకుండా ఉండలేదు అనుకున్నాను.

పది నాట్లు. మొదటి ప్రయత్నానికే లేచాను. ఎగిరాను, ఎగురుతూనే ఉన్నాను. రాళ్లు దాటాను. చేపల వలలు తేలడానికి కట్టిన బుంగలు దాటాను. దూరంగా ఓడల దారి చూపే ఎర్ర బోయా ఉంది, పాత బోర్డు మీద ఇంత తక్కువ గాలిలో దాన్ని ఎవరూ చేరలేదు. దాని చుట్టూ తిరిగొద్దామనుకున్నాను. నీళ్లు రంగు మారాయి, ఆకుపచ్చ పోయి నీలం వచ్చింది. ఒక పక్షి నా భుజం ఎత్తులో కాసేపు వచ్చి, విసుగెత్తి పోయింది. గొంతెత్తి ఏదో పాడాను, ఏం పాడానో గుర్తు లేదు. నా జీవితంలో అంత హాయి ఎరగను. అది కూడా నిజమే, రాయాలి.

బోయా నుంచి రెండొందల గజాల ఇవతల గాలి పోయింది.

తగ్గలేదు. పోయింది, ఎవరో స్విచ్చి కట్టేసినట్టు. చేతిలోని బారు నుంచి కైటుకి పోయే తీగలు వదులయ్యాయి. కైటు ఒక్క క్షణం ఆలోచించి, నెమ్మదిగా, చాలా మర్యాదగా వచ్చి నీళ్ల మీద పడింది. నేనూ దిగాను. ఒడ్డు చూస్తే షెడ్డు అగ్గిపెట్టెంత ఉంది. కాసేపటికి గమనించాను. బోయా నాకు దగ్గరవుతోంది. నేను ఈదడం లేదు. ఆటుపోటు నన్ను సముద్రంలోకి లాక్కుపోతోంది.

చెవిలో గరగరమంది.

"విను. తీగలు బారుకి చుట్టు. ఒక్కొక్కటే. కంగారు పడకు." అక్క గొంతు. ఐదు వారాల తర్వాత. "కంగారు పడతావని తెలుసు. పడు. కానీ చుడుతూ పడు."

చుట్టాను. పళ్లు కటకటలాడుతున్నాయి.

"కైటు దగ్గరికి వెళ్లావా? వెళ్లే ఉంటావు. దాని మీద బోర్లా పడుకో. బోర్డుని కాలి తాడుకి కట్టుకో. ఒడ్డుకేసి కాదు, రాళ్లకేసి తన్ను. ఒడ్డుకేసి ఈదితే నీరు నిన్ను ఓడిస్తుంది. అడ్డంగా పో."

తన్నాను. చాలాసేపు తన్నాను.

"ఇంజను స్టార్టవడం లేదు" అంది చెవిలో. వెనక కెప్టెన్ తిట్లు వినిపిస్తున్నాయి. "అవుతుంది. నువ్వు తన్నుతూ ఉండు. నేను మాట్లాడుతూ ఉంటాను."

మాట్లాడింది. లెక్క చెప్పింది, ఒకటి రెండు మూడు నాలుగు, పిల్లలకి చెప్పినట్టు. తర్వాత ఆగింది. తర్వాత అంది:

"ఎలాగూ నువ్వు జవాబు చెప్పలేవు కనక చెప్తున్నా. ఆ రోజు కుళాయి దగ్గర విన్నాను."

నేను కాళ్లాడించడం మానేశాను.

"మానకు, తన్ను! కాలు విరిగిందని నీ మీద ఎప్పుడూ కోపం రాలేదు నాకు. అందరూ నాదే తప్పంటుంటే నువ్వు ఏదో ఒకరోజు నోరు విప్పుతావని చూశాను. ఏడు నెలలు చూశాను. విప్పావు. విప్పి నాకు మొండితనం అన్నావు." ఊపిరి. "ఎడమ చెయ్యి కూడా వాడు. ఒక పక్కకే పోతున్నావు, బైనాక్యులర్స్‌లో కనపడుతోంది."

ఉప్పునీళ్లలో ఏడిస్తే ఏది ఏదో తెలియదు. ఏడుస్తూ, ఎడమ చెయ్యి వాడుతూ, రాళ్లకేసి పోయాను.

ఎంతసేపటికో ఇంజను చప్పుడు. పడవ వచ్చింది. ముందు అంచున అక్క ఉంది, విరిగిన కాలు చాపి, తాడు చేతికి చుట్టుకుని. పడవ ఎక్కడం, దిగడం తనకి వద్దన్నారు. తాడు విసిరింది.

నేను పట్టుకోలేదు. ముందు అదే చెప్పాలనిపించింది. "పది నేనే ఇచ్చాను" అన్నాను. నోట్లోకి నీళ్లు పోయాయి. మళ్లీ అన్నాను, గట్టిగా, కెప్టెన్‌కి వినపడేలా. "గాలి తగ్గుతుందని అబద్ధం చెప్పి అక్కకి పది ఇచ్చాను. ఏడు నాకు కావాలని."

కెప్టెన్ ఇంజను మీద చెయ్యి అలాగే ఉంచి చూస్తున్నాడు.

"తెలుసు. అక్కడ నేనూ ఉన్నాను కదే" అంది అక్క. "ముందు ఎక్కు."

ఏప్రిల్ 7, ఆదివారం

అమ్మకి చెప్పాను. మొత్తం. వింటున్నంతసేపూ చేతిలో గుడ్డ మడత పెడుతూ, విప్పుతూ ఉంది. చివరికి లేచి లోపలికి వెళ్లింది.

ఏప్రిల్ 9, మంగళవారం

అమ్మ నాతో మాట్లాడడం లేదు. నా కంచం మాత్రం పెడుతోంది.

ఏప్రిల్ 14, ఆదివారం

మేడ మీద తడి కైటు ఆరేసి, దాని నీడలో ఇద్దరం కూర్చున్నాం. నేను క్షమించమన్నాను. ఎలా అనాలో రాత్రంతా అనుకుని, తీరా వట్టి ఆ మాటే అన్నాను.

అక్క చాలాసేపు కాలి మీద కుట్ల గీత గోక్కుంది.

"నాకూ కళ్లున్నాయి కదా. ఆ గాలికి పది ఎక్కువని నాకు తెలీదా? నువ్వు చెప్పావని కాదు వెళ్లింది. నువ్వు ఎగురుతుంటే ఒడ్డున కూర్చోవడం నా వల్ల కాలేదు. అది నా భాగం. నీ భాగం నీ దగ్గరే ఉంచుకో, నేను తీసుకోను."

"ఉంచుకుంటాను" అన్నాను.

"సరే." కాలి మీంచి చెయ్యి తీసి, "బోయా దగ్గర నీళ్లు ఏ రంగు?" అంది.

చెప్పాను. నీలం గురించి, పక్షి గురించి, చప్పుడు ఆగిపోవడం గురించి. ఈసారి పుస్తకం లేదు చేతిలో. ఆ జుమ్మనేది మోకాళ్లలో తగులుతుందా, తొడల్లోనా అని అడిగింది. పడితే ఎలా పడతాం, ఎంత గట్టిగా తగులుతుంది అని అడిగింది. ఇంత తక్కువ గాలిలో, లోతు నీళ్లలో పడితే, పరుపు మీద పడ్డట్టే అన్నాను. అంటూ ఆగిపోయాను. తను నాకేసి చూస్తోంది.

"డాక్టరమ్మ గట్టి గాలి వద్దంది" అంది అక్క. "మెల్లగాలి వద్దనలేదు."

ఏప్రిల్ 17, బుధవారం

డాక్టరమ్మకి బోర్డు వీడియో చూపించాం. నాలుగుసార్లు చూసింది. అందులో పడేది నేనే, నాలుగుసార్లూ. పన్నెండు నాట్లు దాటకూడదు, మెడలోతుకి తక్కువ నీళ్లలో ఎక్కకూడదు, కాలికి గట్టి బూటు వేయాలి, పక్కన పడవ ఉండాలి. నొప్పి వస్తే ఆ క్షణమే ఆపాలి. "పడండి, కానీ నీళ్లలోనే పడండి" అంది.

ఆస్పత్రి మెట్ల మీద అక్క నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, మధ్యాహ్నం ల్యాబులో ఉలి సరిగ్గా పట్టలేకపోయాను.

ఏప్రిల్ 27, శనివారం

అక్క పదకొండుసార్లు పడింది. నేను లెక్కపెట్టాను. మైకు నా దగ్గర ఉంది. "ముందరి కాలి మీద బరువు" అన్నాను. నీళ్లలోంచి చెయ్యెత్తి చూపించింది.

తన ముందరి కాలు ఎడమది. ఆ కడ్డీ ఉన్నదే.

ఏప్రిల్ 28, ఆదివారం

కాలు వాచింది. ఐసు. మూడు రోజులు నీళ్ల ముఖం చూడకూడదంది అమ్మ. నాకేసి తిరిగి అంది. మూడు వారాల్లో నాతో అన్న మొదటి మాట అది, తిట్టే, అయినా మాటే.

మే 4, శనివారం

తొమ్మిది నాట్లు. వాపు లేదు. కెప్టెన్ పడవ ఇంజను వేడి చేసి, నడుముల్లోతు నీళ్లలో సిద్ధంగా ఉంచాడు.

ఆరుసార్లు పడింది. ఏడోసారి బోర్డు మీద నిలబడి, నీటికి అతుక్కుని పోతూనే ఉంది. నేను మైకు నొక్కి పట్టుకున్నాను. ఆ కాలు, ఆ కడ్డీ, ఆ బరువంతా దాని మీదే. నొప్పి పుడుతోందేమో ఎలా తెలుస్తుంది? ముఖం కనపడదు. వీపు కనపడుతోంది. వీపు నిటారుగా ఉంది. వెనక్కి వాలలేదు. నాకు మూడు శనివారాలు పట్టిన ముక్క, తన ఒంటికి అప్పుడే ఎక్కేసింది.

"ఇప్పుడు" అన్నాను. "కొంచెం."

లేచింది.

బోర్డు కింద వెలుతురు కనపడింది, సన్న గీతలా, తర్వాత జానెడు, తర్వాత మూరెడు. పోతోంది. నాలుగు సెకన్లు, పది, ఇరవై. నేను ఒడ్డు వెంట పరిగెడుతున్నాను, మైకులో ఏదో అరుస్తున్నాను. అరిచిందేమిటో నాకు తెలీదు, తర్వాత కెప్టెన్ చెప్పాడు, "మా అక్క, మా అక్క" అని అరిచానట, ఆ తీరంలో తనని ఎరగనివాళ్లు ఎవరూ లేకపోయినా.

అప్పుడు గుర్తొచ్చింది. ఎక్కడం చెప్పాను, లేవడం చెప్పాను. ఆపడం చెప్పలేదు.

"కైటు పైకెత్తు! నడినెత్తికి తీసుకురా!" అన్నాను. వినిపించిందో లేదో, రాళ్లు దాటిపోయింది. కెప్టెన్ పడవ వెనకే బయల్దేరింది. నేను ఒడ్డున నిలబడి, చేతిలో మైకుతో, ఎంత చిన్నదైపోతోందో చూస్తూ, భయపడుతూ, గెంతుతూ ఉన్నాను. రెండూ ఒకేసారి చెయ్యొచ్చని ఇవాళ తెలిసింది.

చేపల బుంగల దగ్గర పడింది. నీళ్లలోనే. పడవ ఎక్కనని, కైటుతో తనే ఒడ్డుకి వచ్చేసింది. కైటు పట్టుకుని, ఇసుక మీద తన పక్కన కూలబడ్డాను. బూటు విప్పి చూశాను. వాపు లేదు. తను ఆకాశంకేసి చూస్తూ నవ్వుతోంది, కళ్ల పక్క నుంచి చెవుల్లోకి నీళ్లు కారిపోతున్నాయి.

"ఆపడం ఎలాగో చెప్పలేదేమే?" అంది చివరికి.

"నువ్వంత దూరం పోతావనుకోలేదు."

"నేనూ అనుకోలేదు."

సాయంత్రం నాలుగు నుంచీ పోట్లాడుకుంటున్నాం. రేపు కూడా తొమ్మిది నాట్లట. బోర్డు ఒక్కటే. తనది కనక ముందు తనే అంటుంది అక్క. జిప్పు తీసింది నేను కనక ముందు నేనే అంటున్నాను. ఇప్పుడే వంటింట్లోంచి అమ్మ, "ఇద్దరూ నోళ్లు మూసుకోండి. రేపు నేను కూడా వస్తున్నాను. ముందు ఎవరెక్కాలో అక్కడ నేను చెప్తాను" అంది.

ముగ్గురికీ బస్సులో సీటు దొరకాలంటే ఏడింటికే బయల్దేరాలి.